థాయిలాండ్‌లో అద్దె స్కూటరు: తీసుకోవడం, నడపడం, తిరిగి అప్పగించడం

హైదరాబాదులోనో విజయవాడలోనో ఏళ్ల తరబడి ద్విచక్ర వాహనం నడిపినవారికి ఫుకెట్‌లో స్కూటరు నడపడం ఒక లెక్క కాదనిపిస్తుంది. అందులో కొంత నిజం ఉంది. అక్కడ కూడా వాహనాలు ఎడమవైపే వెళ్తాయి, దొరికే బండ్లు మన యాక్టివాకు దగ్గరి చుట్టాలే, రోడ్లు చాలాచోట్ల మనవాటికంటే నున్నగా ఉంటాయి. అయితే రోడ్డు ప్రమాద మరణాల రేటులో ప్రపంచంలోనే ముందు వరుసలో ఉన్న దేశాల్లో థాయిలాండ్ ఒకటి. ఆ మృతుల్లో అత్యధికులు ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. నున్నటి రోడ్డు వల్ల వేగం పెరుగుతుంది, సెలవు ఉత్సాహంలో జాగ్రత్త తగ్గుతుంది. బండి నడపడం కొత్తగా నేర్చుకుంటున్నవారికి ఈ వ్యాసం ఉపయోగపడదు. అలాంటివారు అక్కడ ఫోన్ యాప్ ద్వారా కారు పిలిపించుకుని తిరగడమే మంచిది. ఇంటి దగ్గర రోజూ బండి నడిపేవారు అక్కడ ఏ పని ఏ వరుసలో చేసుకోవాలో మాత్రమే ఇక్కడ వివరిస్తున్నాను.

బయలుదేరే ముందు: లైసెన్సు, బీమా

అన్నిటికంటే ముందు మీ డ్రైవింగ్ లైసెన్సు తీసి, అందులో ఏ వాహనాలకు అనుమతి ఉందో చూసుకోండి. కారుకు మాత్రమే లైసెన్సు ఉండి, అలవాటుగా స్కూటరు నడుపుతూ వచ్చినవారు మనలో తక్కువేమీ కాదు. ఊళ్లో అది సాగిపోవచ్చు గాని, అక్కడ ప్రమాదం జరిగితే లైసెన్సు లేకుండా నడిపినట్టే లెక్క. ద్విచక్ర వాహనానికి అనుమతి ఉంటే, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కోసం మీ ప్రాంత రవాణా కార్యాలయంలో ఫారం 4ఎ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. పాస్‌పోర్టు, లైసెన్సు, ప్రయాణ టికెట్ల వంటి పత్రాలు జతచేయాల్సి ఉంటుంది కాబట్టి, టికెట్లు తీసుకున్న వెంటనే ఈ పని మొదలుపెట్టడం మంచిది. పర్మిట్ గరిష్ఠంగా ఏడాది పాటు చెల్లుతుంది. అది చేతికి వచ్చాక, మోటారు సైకిళ్లకు సంబంధించిన ‘ఎ’ వర్గానికి ఎదురుగా ముద్ర పడిందో లేదో అక్కడే సరిచూసుకోండి. కారు వర్గానికి మాత్రమే ముద్ర ఉన్న పర్మిట్ స్కూటరుకు పనికిరాదు. థాయిలాండ్‌లో పర్మిట్‌తోపాటు అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి.

ఇంటర్నెట్‌లో కొన్ని సంస్థలు ‘అంతర్జాతీయ లైసెన్సు’ పేరిట రంగురంగుల కార్డులు అమ్ముతుంటాయి. ప్రభుత్వ రవాణా శాఖ ఇచ్చినవి కాదు కాబట్టి వాటికి ఏ విలువా లేదు. ఇంకొక సంగతి. మన దేశం ఇచ్చే పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది, దాన్ని థాయిలాండ్ గుర్తిస్తుంది. వియత్నాం మాత్రం 1968 నాటి వియన్నా ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్లనే అంగీకరిస్తుంది. పైగా అక్కడ వాహనాలు కుడివైపున నడుస్తాయి. కాబట్టి బ్యాంకాక్ నుంచి హనోయ్‌కి కూడా వెళ్లే ఆలోచన ఉంటే, ఇదే కాగితంతో అక్కడా బండి తీసుకోవచ్చని అనుకోవద్దు.

ఆ తరువాత ప్రయాణ బీమా పాలసీని పూర్తిగా చదవండి. మొదటి పేజీలో లక్షల డాలర్ల వైద్య ఖర్చు ఇస్తామని ఉన్నా, వర్తించని సందర్భాల జాబితాలో ద్విచక్ర వాహనం నడపడమో, ఆ దేశంలో చెల్లే లైసెన్సు లేకుండా నడపడమో, హెల్మెట్ లేకపోవడమో, మద్యం సేవించి ఉండడమో తరచుగా కనిపిస్తాయి. కొన్ని పాలసీలు ఇంజను సామర్థ్యానికి కూడా పరిమితి పెడతాయి. అనుమానం ఉంటే బీమా సంస్థకు ఈమెయిల్ రాసి లిఖితపూర్వకంగానే జవాబు తెప్పించుకోండి, ఏజెంటు ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిము సమయంలో నిలవదు. కాలు విరిగి ప్రైవేటు ఆసుపత్రిలో శస్త్రచికిత్స అవసరమైతే వచ్చే బిల్లు మొత్తం విహారయాత్ర ఖర్చుకు ఎన్నో రెట్లు ఉంటుంది. అందువల్ల పర్మిట్ గాని, బీమా గాని సరిగ్గా కుదరకపోతే ఈసారికి బండి ఆలోచన మానుకోవాలనే నా అభిప్రాయం.

ఏ కాలంలో, ఏ ఊళ్లో

బ్యాంకాక్‌లో బండి తీసుకోవద్దు. అక్కడి ఎక్స్‌ప్రెస్‌వేల మీదికి ద్విచక్ర వాహనాలను అనుమతించరు, ఎక్కకూడని వంతెనలు కూడా ఉన్నాయి, కొత్తవారు మ్యాప్‌ను నమ్ముకుని వాటిమీదికి వెళ్లి పట్టుబడుతుంటారు. మెట్రో రైలు ఉండగా ఆ అవస్థ అవసరం లేదు. స్కూటరు నిజంగా ఉపయోగపడేది ఫుకెట్, కో సముయ్ వంటి దీవుల్లోను, ఉత్తరాన చియాంగ్ మాయ్ పరిసరాల్లోను.

ఫుకెట్ వైపు మే నుంచి అక్టోబరు వరకు వానలు పడతాయి. సముయ్ తూర్పు తీరంలో ఉన్నందువల్ల అక్కడి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. చియాంగ్ మాయ్‌లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు పొలాల్లో, అడవుల్లో పెట్టే మంటల పొగ కమ్ముకుంటుంది. ఆ నెలల్లో కొండల అందం చూద్దామని బండి మీద వెళ్తే కళ్లు మండడమే మిగులుతుంది. మన పిల్లల వేసవి సెలవులను బట్టి ఏప్రిల్‌లో వెళ్లేవారు సోంగ్‌క్రాన్ పండుగ రోజులను గుర్తుంచుకోవాలి. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు జరిగే ఆ కొత్త సంవత్సర వేడుకలో రోడ్డున పోయే ప్రతి ఒక్కరి మీద బకెట్లతో నీళ్లు కుమ్మరిస్తారు. నడుస్తున్న బండి మీద ఉన్నవారి ముఖానికి కూడా ఆ నీళ్లు తగులుతాయి, పైగా తాగి నడిపేవారి సంఖ్య అప్పుడు విపరీతంగా ఉంటుంది. ఆ మూడు రోజులు బండి జోలికి వెళ్లకండి.

దుకాణంలో

గేర్లు లేని 110 నుంచి 125 సీసీ స్కూటర్లకు సాధారణంగా రోజుకు 200 నుంచి 350 బాట్ల (థాయి కరెన్సీ) వరకు అడుగుతారు. వారానికి తీసుకుంటే తగ్గిస్తారు. హోండా క్లిక్, స్కూపీ ఎక్కువగా కనిపిస్తాయి. ఒక్కరే తిరగడానికి అవి చాలు. ఇద్దరు కూర్చుని కొండ రోడ్డు ఎక్కాలంటే కనీసం 125 సీసీ బండి, వీలైతే 150 సీసీ దాటినది తీసుకోండి. తేలికపాటి బండి మీద ఇద్దరు ఏటవాలు ఎక్కుతూ మధ్యలో ఆగిపోతే వెనక్కి జారకుండా నిలబెట్టడం అనుభవం ఉన్నవారికి కూడా కష్టమే.

చాలా దుకాణాలు హామీగా పాస్‌పోర్టు ఇవ్వమంటాయి. ఇవ్వకండి. బండికి గీత పడిందని చెప్పి వాళ్లు ఎంత అడిగితే అంత కట్టేదాకా మీ పాస్‌పోర్టు వాళ్ల సొరుగులోనే ఉంటుంది, అప్పుడు బేరమాడే అవకాశం మీకు మిగలదు. పాస్‌పోర్టు నకలు, దానితో కొన్ని వేల బాట్ల నగదు డిపాజిట్ తీసుకునే దుకాణాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, కాస్త వెతకాలి, అంతే. నకలు మీద అడ్డంగా ‘స్కూటరు అద్దె కోసం మాత్రమే’ అని ఇంగ్లీషులో రాసి తేదీ వేసి ఇవ్వండి. డిపాజిట్ మొత్తం, తిరిగి ఇవ్వాల్సిన రోజు, సమయం, బండి పోతే ఎంత కట్టాలి అన్నవి ఒప్పందంలో ఉన్నాయో లేదో చూశాకే సంతకం పెట్టండి.

బీమా ఉందా అని అడిగితే ఉందనే చెబుతారు. థాయి జనం ఫో రో బో అని పిలిచే నిర్బంధ బీమా గురించి వారు చెబుతున్నది. తప్పు ఎవరిదన్నది తేలకముందే ప్రాథమిక వైద్య ఖర్చు కింద 30,000 బాట్ల వరకు ఇచ్చే ఆ బీమా మంచిదే. కాని బండికి జరిగిన నష్టానికీ, దొంగతనానికీ అది వర్తించదు. అందుకే పెద్ద గొలుసు తాళం ఒకటి అడిగి తీసుకోండి. బండికి కట్టిన వార్షిక పన్ను, ఈ బీమా గడువు దాటిపోలేదని కాగితం చూసి నిర్ధారించుకోండి.

ఇప్పుడు బండిని చూడాలి. దీనికి పావుగంట వెచ్చించడానికి మొహమాటపడవద్దు. మొదట ఫోన్‌లో వీడియో పెట్టి, నంబరు ప్లేటుతో మొదలుపెట్టి బండి చుట్టూ నెమ్మదిగా తిరగండి. ఉన్న గీతలు, పగిలిన అద్దాలు, వంగిన బ్రేకు లివర్లు, సైలెన్సరు అడుగున ఒరుసుకున్న చోట్లు అన్నీ కనిపించాలి, దుకాణం మనిషి కూడా వీడియోలో ఉంటే మరీ మంచిది. తరువాత టైర్ల గాడులు వేలితో తడిమి చూడండి. వానల కాలంలో నున్నగా అరిగిన టైరు ఉన్న బండిని ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. రెండు బ్రేకులు విడివిడిగా నొక్కి, బండిని ముందుకు తోసి పట్టు చూడండి. హెడ్‌లైటు, బ్రేకు లైటు, ఇండికేటర్లు, హారన్ పరీక్షించండి. పెట్రోలు ముల్లు ఎక్కడుందో ఫొటో తీసుకోండి. ఇంజను స్టార్ట్ కాకపోతే కంగారుపడకండి. చాలా మోడళ్లలో సైడ్ స్టాండు వేసి ఉన్నా, బ్రేకు లివరు పట్టుకోకపోయినా ఇంజను అందుకోదు. ఎర్ర దీపం దగ్గర ఆగగానే ఇంజను తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు కూడా కొన్ని బండ్లలో ఉంటుంది. ఆగిపోయింది కదా అని యాక్సిలరేటరు తిప్పారంటే బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఆ మీట ఎక్కడుందో అడిగి, మొదటి రోజుకు దాన్ని ఆపేసి ఉంచండి.

హెల్మెట్ విషయంలో దుకాణం వారి ఉదారతను నమ్ముకోకండి. ఉచితంగా ఇచ్చేవి చాలావరకు సగం తల మాత్రమే కప్పే డొల్ల టోపీలు. ఇంట్లో ఐఎస్ఐ ముద్ర ఉన్న, ముఖమంతా కప్పే హెల్మెట్ ఉంటే సూట్‌కేసులో అదే తీసుకెళ్లండి. లేదంటే అక్కడి సూపర్ మార్కెట్లలో థాయి ప్రమాణాల ముద్ర ఉన్నది కొనుక్కోండి. వెనక కూర్చునేవారికి కూడా హెల్మెట్ తప్పనిసరి. చీకటి పడ్డాక పురుగులు కళ్లలో పడకుండా, రంగు లేని అద్దం ఉన్నది ఎంచుకోవాలి.

మనవారు సాధారణంగా ఊహించని తేడా ఒకటుంది. మన బండ్లకు వెనక చక్రం పక్కన ఉండే చీర గార్డు అక్కడి స్కూటర్లకు ఉండదు. చీర కొంగు గాని, చున్నీ గాని, పొడవాటి గౌను అంచు గాని చక్రంలో చిక్కుకోవడానికి క్షణం పట్టదు. ఒకవైపు కాళ్లు పెట్టుకుని కూర్చోవడం కూడా వద్దు. వెనక కూర్చునే ఆడవాళ్లు ప్యాంటు వేసుకుని, రెండువైపులా కాళ్లు వేసి కూర్చోవాలి. పిల్లవాణ్ని మధ్యలో ఇరికించి ముగ్గురుగా వెళ్లే మన అలవాటును ఇక్కడే వదిలి వెళ్లాలి.

మొదటి గంట

బండి తీసుకున్న వెంటనే బీచ్ చిరునామా మ్యాప్‌లో పెట్టి బయలుదేరవద్దు. ‘సోయి’ అని పిలిచే చిన్న సందు ఒకటి చూసుకుని అటూ ఇటూ తిరగండి, బ్రేకులు ఎంత నొక్కితే ఎంత పడుతున్నాయో తెలుసుకోండి. అద్దెబండ్ల ముందు డిస్క్ బ్రేకు ఇంటి బండి కంటే పదునుగా ఉండవచ్చు. ఇసుక పరుచుకున్న మలుపులో దాన్ని ఒక్కసారిగా పట్టుకోవడం వల్లనే విహారయాత్రికులు ఎక్కువగా పడుతుంటారు. వెనక మనిషిని ఎక్కించుకోవడం ఆ తరువాతే. ఫుకెట్‌లో అయితే దక్షిణాన రవాయ్, నై హార్న్ వైపు రోడ్లు ఈ అలవాటుకు అనువుగా ఉంటాయి. పటోంగ్ కొండ రోడ్డు, విమానాశ్రయం నుంచి వచ్చే 402 నంబరు రహదారి మొదటి రోజుకు తగవు.

బండి ఎక్కడం, దిగడం ఎప్పుడూ ఎడమవైపు నుంచే. సైలెన్సరు కుడివైపు ఉంటుంది. నిక్కరు వేసుకుని కుడివైపు దిగినవారి పిక్క మీద పడే వాతకు అక్కడి విదేశీయులు సరదాగా ‘థాయి పచ్చబొట్టు’ అని పేరు పెట్టారు. కాలితే ఇరవై నిమిషాల పాటు పారే నీటి కింద ఉంచండి. మన ఇళ్లలో రాసే పేస్టు, పసుపు వంటివి ఆ గాయానికి, అందులోనూ ఆ ఉక్కలో, మేలు చేయవు.

రోడ్డు మీద

అక్కడి డ్రైవర్లు హారన్ చాలా తక్కువగా వాడతారు. మనం ప్రతి మలుపులో మోగిస్తే దాన్ని కోపంగానో అవమానంగానో తీసుకుంటారు. అసలు చిక్కు మరొకటి. వెనక నుంచి వచ్చే వాహనం హారన్‌తో తెలుపుతుందని మన చెవులు ఎదురుచూస్తుంటాయి, అక్కడ మాత్రం పికప్ ట్రక్కు చప్పుడు లేకుండా పక్కనుంచి దూసుకుపోతుంది. కాబట్టి చెవుల మీద కంటే అద్దాల మీద ఆధారపడటం నేర్చుకోవాలి. పక్కకు జరిగే ముందు ప్రతిసారీ తల తిప్పి చూడండి. ఎదుటి వాహనం హెడ్‌లైటు మినుకుమినుకుమనిపిస్తే ‘మీరు వెళ్లండి’ అని కాదు, మన దగ్గరలాగే ‘నేను వస్తున్నాను, ఆగు’ అని.

స్కూటర్లు ఎడమ అంచునే నడుస్తాయి. అదే అంచులో రాంగ్ రూటులో ఎదురొచ్చే బండ్లు, తోపుడు బండి తగిలించిన మోటారు సైకిళ్లు, పడుకున్న కుక్కలు కూడా ఉంటాయి. మధ్యలో విభాగిని ఉన్న పెద్ద రోడ్లలో కుడివైపు వెళ్లాలంటే ముందుకుపోయి యూ టర్న్ తీసుకోవాల్సి వస్తుంది. వేగంగా వచ్చే వరుసల్ని దాటి కుడి అంచుకు చేరడం, మళ్లీ తిరిగి ఎడమ అంచుకు రావడం అన్న ఈ రెండు పనులే రోజు మొత్తం మీద ప్రమాదకరమైనవి. ఖాళీ దొరకకపోతే ఎడమ పక్కన ఆగి నిలబడండి, తరువాతి సిగ్నల్ దాకా పోయి తిరిగినా నష్టం లేదు. ఎర్ర దీపం ఉండగా ఎడమవైపుకు తిరగడానికి అనుమతించే బోర్డు ఉన్నచోట మాత్రమే తిరగాలి. మోటారు సైకిళ్లకు పగటిపూట కూడా హెడ్‌లైటు వెలిగించి ఉండాలన్నది అక్కడి నిబంధన.

కొండ రోడ్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చియాంగ్ మాయ్ నుంచి పాయ్ అనే కొండ ఊరికి వెళ్లే 1095 నంబరు రోడ్డులో 762 మలుపులున్నాయని అక్కడ టీషర్టుల మీద ముద్రించి అమ్ముతారు. ఆ సంఖ్యను చూసి సరదాపడి బయలుదేరి, కట్టుకట్టిన మోచేతులతో తిరిగొచ్చేవారు పాయ్ వీధుల్లో ఎప్పుడూ కనిపిస్తారు. పాడేరు, అరకు ఘాట్లలో సొంత బండి నడిపిన అనుభవం ఉన్నవారు వెళ్లవచ్చు. లేనివారు మొదట దోయ్ సుతేప్ ఆలయం దాకా, అది కుదిరితే 1096, 1269 రోడ్లను కలుపుతూ దాదాపు 100 కిలోమీటర్లు చుట్టివచ్చే సమోయెంగ్ దారిలో ఒక పగలు తిరిగి చూసుకోవాలి. పాయ్‌కి మినీ వ్యాను ఎక్కి వెళ్లి, అక్కడ బండి తీసుకున్నా తక్కువేం కాదు.

గేర్లు లేని స్కూటరుతో దిగుడులో ఒక ఇబ్బంది ఉంది. వేగం బాగా తగ్గి, యాక్సిలరేటరు పూర్తిగా వదిలేస్తే క్లచ్ విడిపోతుంది. అప్పుడు ఇంజను బండిని పట్టి ఉంచదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి అదేపనిగా నొక్కి ఉంచితే వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఇందుకు విరుగుడు ఏమిటంటే, యాక్సిలరేటరు కొద్దిగా తెరిచి ఉంచి క్లచ్ పట్టు నిలుపుకోవడం, రెండు బ్రేకులు కలిపి గట్టిగా పట్టి వదలడం, మళ్లీ పట్టడం. కాలిన వాసన వస్తే పక్కకు తీసి చల్లారనివ్వాలి. మలుపుకు ముందే వేగం తగ్గించుకుని, మలుపులోకి వెళ్లాక బ్రేకు ముట్టకుండా సాగాలి. మధ్య గీతకు దూరంగా ఉండండి. ఎదురొచ్చే వ్యానులు మలుపుల్లో ఆ గీతను లెక్కచేయవు.

వాన మొదలైన తొలి నిమిషాలే మరీ జారుడు. రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము నీటితో కలిసి పైకి తేలుతాయి. అప్పుడు దుకాణం అరుగు మీదికో, పెట్రోలు బంకులోకో వెళ్లి నిలబడితే చాలు, చాలాసార్లు అరగంటలో వెలిసిపోతుంది. తప్పనిసరై వెళ్లాల్సి వస్తే తెల్ల గీతల మీద, ఇనుప మూతల మీద బ్రేకు వేయకండి, నీళ్లు నిలిచిన గుంత లోతు తెలియక లోపలికి దిగకండి. చవక రెయిన్‌కోట్లు ప్రతి వీధిలో ఉండే సెవెన్ ఇలెవెన్‌లో దొరుకుతాయి. చీకటి పడేలోగా బస చేరేటట్టు రోజును సర్దుకోండి. రాత్రి పది దాటాక బీచ్ రోడ్ల మీద తిరిగేవారిలో ఎంతమంది తాగి ఉంటారో అంచనా వేయలేం.

పెట్రోలు బంకులో పనివారే పోస్తారు. గ్యాసోహాల్ (ఇథనాల్ కలిపిన పెట్రోలు) 91 లేదా 95 అని అడగండి. ఇథనాల్ మరీ ఎక్కువగా ఉండే ఇ85 వద్దు. పల్లెల్లో సీసాల్లో అమ్మేది కాస్త ఖరీదు, అత్యవసరానికి ఒక లీటరు పోయించుకుంటే తప్పులేదు.

పోలీసులు ఆపితే పక్కకు తీసి, హెల్మెట్ తీసి, నవ్వుతూ పర్మిట్, లైసెన్సు చూపండి. గొంతు పెంచి వాదిస్తే ఆ దేశంలో పని చెడుతుంది. జరిమానా వేస్తే రసీదు అడగండి. మద్యం పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు. చెల్లే లైసెన్సు లేనివారికి మాత్రం అది 20 మిల్లీగ్రాములే. ఒక్క బీరు తాగినా ఆ రోజు బండి బసలోనే ఉంచడం మేలు, ఎందుకంటే ఆసుపత్రిలో తీసిన రక్తపరీక్ష కాగితాన్ని బీమా సంస్థ కూడా చూస్తుంది.

పడితే, తగిలితే

గాయపడినవారిని బలవంతంగా లేపి కూర్చోబెట్టకండి, మెడ కదల్చకండి, హెల్మెట్ లాగకండి. వైద్య సహాయానికి 1669, పోలీసులకు 191, ఇంగ్లీషులో మాట్లాడే పర్యాటక పోలీసులకు 1155. ఈ మూడూ ముందే ఫోన్‌లో దాచుకోండి. బండ్లను కదిల్చేముందు అవి ఉన్న తీరు, రోడ్డు, ఎదుటి వాహనం నంబరు ఫొటోలు తీయండి. తరువాత అద్దె దుకాణానికీ, బీమా సంస్థ సహాయ కేంద్రానికీ ఫోన్ చేయండి. ఆసుపత్రి పెద్ద మొత్తం అడిగేలోపే బీమా సంస్థకు తెలిసి ఉండటం చాలా ముఖ్యం. థాయి భాషలో రాసిన కాగితం మీద, అందులో ఏముందో తెలియకుండా సంతకం పెట్టకండి. పర్యాటక పోలీసులను పిలిపించి చదివించుకోండి. పరిస్థితి తీవ్రమైతే బ్యాంకాక్‌లోని భారత రాయబార కార్యాలయాన్ని, ఉత్తరాన ఉంటే చియాంగ్ మాయ్‌లోని భారత కాన్సులేట్‌ను సంప్రదించవచ్చు.

చిన్న గీరుడే అయినా శుభ్రమైన నీటితో కడిగి, ఇసుక రేణువులు తీసేసి, ఏదైనా క్లినిక్‌లో కట్టు కట్టించుకోవాలి. ఆ తేమలో పుండ్లు త్వరగా చీము పడతాయి. కట్టు తడవకూడదు కాబట్టి ఆ యాత్రకు సముద్ర స్నానం ముగిసినట్టే.

అప్పగింత

తిరిగి ఇచ్చే రోజు విమానానికి రెండు గంటల ముందు దుకాణానికి పరుగెత్తవద్దు. తొందరలో ఉన్న మనిషి దగ్గర ఎంతైనా రాబట్టవచ్చని వారికి తెలుసు. వీలైతే ముందురోజు సాయంత్రం, వెలుతురు ఉండగానే వెళ్లండి. తీసుకున్నప్పుడు ముల్లు ఎక్కడుందో అక్కడిదాకా పెట్రోలు పోయించండి, బురద అంటి ఉంటే కడిగించండి, మళ్లీ ఒకసారి చుట్టూ వీడియో తీయండి. పాత గీతను కొత్తదని అంటే మొదటి వీడియో తెరిచి చూపించండి. నిజంగా మీరే గీత వేసి ఉంటే, విడిభాగం ధర ఎంతో ఆ కంపెనీ షోరూముకు ఫోన్ చేసి కనుక్కుందామని మర్యాదగా అడగండి, చెప్పిన మొత్తం చాలావరకు దిగివస్తుంది. మాట తెగకపోతే 1155కు ఫోన్ చేద్దామని సూచించండి. డిపాజిట్ నోట్లు లెక్కపెట్టుకున్నాకే తాళం చెవి చేతికివ్వండి. మీ సంతకం ఉన్న ఒప్పందం కాగితాన్ని, పాస్‌పోర్టు నకలును కూడా అడిగి వెనక్కి తీసుకోండి. సీటు కింద పెట్టిన రెయిన్‌కోటు, ఛార్జరు మరిచిపోకండి.